మూగ వేదన

ఆంధ్ర మహాభారతమున ఆదిపర్వారంభమునందే ఒక కుక్కపిల్ల కథ కలదు. జనమేజయ మహారాజు దీర్ఘసత్రయాగము చేయుచుండగా, సరమ యను దేవలోకపు శునకము కుమారుడు సారమేయుడు ఆ యాగభూమికి వచ్చి ఆడుకొనుచుండెను. రాజు తమ్ములగు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దానిని నిష్కారణముగా కొట్టిరి. అది ఏడ్చుచు పోయి తల్లితో మొఱపెట్టుకొనెను. సరమ రాజు కడకు వచ్చి, ఏ తప్పును చేయని పసివానిని కొట్టుట తగునా యని నిలదీసెను. దుర్బలులకు కీడు చేయువారికి ఊహింపని భయములు కలుగునని చెప్పి మఱలిపోయెను. అంతటి మహారాజును ఆ మాటలకు కలత చెందెను.

ఆ కథలోని సారమేయునకు ఒక భాగ్యము కలదు. తనకు దెబ్బ తగిలినదని చెప్పుటకు దానికి మాటలు కలవు. విని న్యాయ మడుగుటకు తల్లి కలదు. మన వీధులలోను, మన ముంగిళ్లలోను తిరుగు కుక్కలకును పిల్లులకును ఆ భాగ్యము లేదు. వాటికి పన్ను పుచ్చినను, కీలు వాచినను, కడుపులో శూల పుట్టినను చెప్పుకొనుటకు నోరు లేదు. చూచి తెలిసికొను కన్ను మనకు లేనియెడల వాటి బాధ బాధగానే యుండిపోవును. ఆ చూపును అలవఱచుకొను విధమే ఈ పాఠము నందలి విషయము.

జంతువులకు నిజముగా బాధ కలుగునా యని ఒకప్పుడు పండితులే సందేహించిరి. పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త డెకార్టు, జంతు శరీరములు గడియారముల వలె నడచు యంత్రములని వాదించెను. ఆయన మార్గము ననుసరించిన కొందఱు, కుక్క మూలుగును ఇరుసు కిఱ్ఱుమను శబ్దముతో సమానముగా నెంచిరి. 1789లో ఇంగ్లండు దేశపు న్యాయశాస్త్రజ్ఞుడు జెరిమీ బెంతాము ఈ వాదమును తిరస్కరించెను. ఒక ప్రాణిని మనము దయతో చూడవలెనా వలదా యని నిర్ణయించుటకు దాని మాటనుగాని, తెలివినిగాని కొలబద్దగా గొనరాదనియు, బాధను అనుభవించు శక్తియే కొలబద్ద యనియు ఆయన తలపు. తరువాత 1872లో చార్లెసు డార్విను మానవులును జంతువులును తమ భావములను ముఖముతోను దేహముతోను ఎట్లు వెల్లడించునో వివరించుచు ఒక గ్రంథమునే వ్రాసెను.

నేడు ఈ విషయమున సందేహమునకు తావు లేదు. చర్మములోను, కండరములలోను, కీళ్లలోను, లోని అవయవములలోను సన్నని నరముల కొనలు వ్యాపించియున్నవి. దెబ్బ తగిలినను, కాలినను, వాచినను ఆ కొనలు మేల్కొని ఆ వార్తను వెన్నుపామునకును, అచ్చటినుండి మెదడునకును పంపును. మెదడు దానిని నొప్పిగా గ్రహించును. ఈ యేర్పాటు మనకెట్లో కుక్కకును పిల్లికిని అట్లే. శస్త్రచికిత్స వేళ మనకు నొప్పి తెలియకుండ జేయు మత్తుమందుల వంటివే వాటికిని పనిచేయుచున్నవి. నొప్పిని గుఱించి పరిశోధించు అంతర్జాతీయ సంఘము 2020లో నొప్పికి తన నిర్వచనమును సవరించినప్పుడు, మాటలతో చెప్పలేకపోవుట నొప్పి లేదనుటకు నిదర్శనము కానేరదని స్పష్టముగా పేర్కొనెను. పసిపాపకు వర్తించు ఈ మాట మూగజీవములకును వర్తించును.

అట్లయిన, బాధ కలిగినప్పుడు అవి యేల అఱవవు? కాలు త్రొక్కినపుడు కుక్క కుయ్యిమనుట అందఱు నెఱిగినదే. అది అప్పటికప్పుడు తగిలిన నొప్పి. కాని లోలోపల నిలిచియుండు నొప్పికి సామాన్యముగా అఱపు ఉండదు. అడవిలో బ్రదుకు జంతువునకు తన బలహీనత బయటపడుట ప్రమాదము. కుంటుచున్న దానిని శత్రువు ముందుగా పట్టుకొనును. పిల్లి యొంటరిగా వేటాడు ప్రాణి; తనకంటె పెద్ద జంతువులకు తానే యాహారము కాగల ప్రాణి. కావున బాధను దాచుకొనుట దానికి పుట్టుకతో వచ్చిన విద్య. కుక్క మనిషిని నమ్మి బ్రదుకు నదియైనను, అదియు యజమాని యెదుట తోక యాడించుచు నొప్పిని మఱుగుపఱచును. కావున అఱపు లేదు గనుక నొప్పి లేదని తలచుట తగదు.

నొప్పిని కనుగొనుటకు మొదటి సూత్రము మిక్కిలి సులభమైనది: నిన్నటి అలవాటు నేడు మాఱినదేమో చూడుము. ప్రతి కుక్కకును, ప్రతి పిల్లికిని తనదైన నడవడి యొకటి యుండును. ఒకటి తెల్లవారగనే వాకిటికి పరుగెత్తును; ఒకటి ఎండ యెక్కువఱకు మూలను పండుకొనును. కూడు పెట్టు చప్పుడు వినగనే ఒకటి గంతులు వేయును. ఒకటి నింపాదిగా వచ్చును. ఈ సహజ స్వభావమును ఎఱిగిన వారికే మార్పు కనబడును. వైద్యునికి శాస్త్రము తెలియును గాని, ఆ జంతువు నిన్న యెట్లుండెనో తెలియదు. అది ఇంటివారికి, అందును దానితో ఆడుకొను పిల్లలకు తెలియును. కావుననే పశువైద్యులు పరీక్షకు ముందు ఇంటివారిని ఎన్నియో ప్రశ్నలు వేయుదురు.

ముందుగా కుక్కను చూతము. నొప్పితో నున్న కుక్క ఆటపై ఆసక్తి తగ్గి యొకమూలను పడియుండును. పండుకొని లేచునపుడు కాళ్లు బిగిసినట్లు మెల్లగా లేచి, నాలుగడుగులు వేసిన పిదప సర్దుకొనును. మెట్లెక్కుటకు వెనుదీయును. ఒకేచోట మాటిమాటికి నాకికొనును. అచ్చట పైకి గాయము కనబడకపోయినను లోపల కీలులోనో కండరములోనో నొప్పి యుండవచ్చును. చెవిలో నొప్పి యున్నచో తల విదల్చుచు, చెవిని గోకికొనుచు, తల నొక ప్రక్కకు వంచి నడచును. పంటి నొప్పి యున్నచో ఆకలితో గిన్నె కడకు వచ్చి, కూడు నోటబెట్టి జాఱవిడచును, లేక ఒక ప్రక్కతోనే నమలును. కంటినొప్పికి గుఱుతు కన్ను చికిలించుట, నీరు కారుట, ముంగాలితో కంటిని రుద్దుకొనుట. కడుపులో తీవ్రమైన నొప్పి కలిగినపుడు కొన్ని కుక్కలు ముంగాళ్లను నేలకు చాచి, వెనుకభాగమును పైకెత్తి, సాష్టాంగమునకు వంగినట్లు నిలుచును. వీపు విల్లువలె వంచి, తల పైకెత్తుట కిష్టపడక నిలుచు కుక్కకు మెడలోనో వెన్నెముకలోనో బాధ యుండవచ్చును. ఎన్నడును కోపమెఱుగని కుక్క, చేయి తగులగనే గుఱ్ఱుమనుటయు ఒక ముఖ్యమైన గుఱుతు. అది దుష్టత్వము కాదు. నన్ను ముట్టవలదను విన్నపము.

వగర్చుట, వణకుట, చొంగ కార్చుట అనునవి నొప్పికిని గుఱుతులే; భయమునకును గుఱుతులే. దీపావళినాడు టపాకాయల ధ్వనికి మంచము క్రింద దూరి వణకు కుక్కను మీరు చూచియుందురు. ఆ ధ్వని యణగిన పిదప అది తేఱుకొన్నచో అది భయమని యెఱుగవలెను. కారణమేమియు లేకయే అట్లు వణకినను, చల్లని వేళ విశ్రాంతిగా నుండియు వగర్చుచున్నను నొప్పిని శంకింపవలెను. ఒక్క గుఱుతును చూచి నిర్ణయింపక, రెండు మూడు గుఱుతులను కలిపి చూచుట మంచిది.

పిల్లి విషయము ఇంతకంటె సూక్ష్మమైనది. నొప్పితోనున్న పిల్లి సాధారణముగా అఱవదు, కుంటదు, మాయమగును. బీరువా వెనుకనో, అటుకపైనో, గాదె సందునో దాగియుండును. ప్రహరీగోడ పైకి ఒక్క గంతున ఎగురు పిల్లి, ముందు పీటపైకి, పిదప బల్లపైకి మెట్టు మెట్టుగా ఎక్కుచున్నచో దాని కీళ్లలో ఏదియో జరుగుచున్నదని గ్రహింపవలెను. పిల్లి శుభ్రమైన జంతువు. దినమునందు చాలసేపు తన మేను నాకికొని దువ్వుకొనును. వంగుట నొప్పియైనపుడు ఆ పని మానును. వీపు వెంట్రుకలు అట్టలు కట్టి కాంతి తఱుగును. ఇందుకు విరుద్ధముగా, ఒకేచోట వెంట్రుకలూడునంతగా నాకికొనుటయు నొప్పికి చిహ్నమే. కాళ్లను పొట్టక్రిందికి ముడుచుకొని, వీపు గూనుగా జేసి, తల వ్రాలవైచి కదలక కూర్చుండుట ఇంకొకటి. పిల్లి గుఱగుఱలాడుచున్నది గనుక సుఖముగా నున్నదని తలచుట పొరపాటు. సంతోషమునందే కాక, గాయపడినపుడును, అవసానకాలమునందును పిల్లులు గుఱగుఱలాడుట కలదు.

పిల్లి ముఖమును చదువుటకు ఒక పద్ధతిని కెనడా దేశమందలి మాంట్రియాలు విశ్వవిద్యాలయపు పశువైద్య పరిశోధకులు 2019లో ప్రకటించిరి. ముఖమున అయిదు గుఱుతులను వారు ఎన్నుకొనిరి. అవి చెవులు, కన్నులు, మూతి, మీసములు, తల నిలుపు తీరు. సుఖముగానున్న పిల్లి చెవులు నిక్కి ముందుకు తిరిగియుండును. బాధతోనున్న పిల్లి చెవులు చదునుగా ప్రక్కలకు తిరిగి, రెంటి నడుమ ఎడము పెరుగును. కన్నులు సగము మూసికొని చికిలించినట్లుండును. గుండ్రని మూతి బిగిసి కోలగా మాఱును. వదులుగా క్రిందికి వంగియుండు మీసములు నిటారుగా ముందుకు సాగును. తల భుజములకంటె క్రిందికి వ్రాలును. ఒక్కొక్క గుఱుతునకు సున్న మొదలు రెండు వఱకు మార్కులు వేయుదురు. మొత్తము పది. నాలుగుగాని అంతకు మించిగాని వచ్చినచో నొప్పి తగ్గించు చికిత్సను ఆలోచింపవలెను. పిల్లి నిద్రించుచున్నపుడును, ఆహారము తినుచున్నపుడును, దేహమును నాకికొనుచున్నపుడును ఈ మార్కులు వేయరాదు; మెలకువగా నిశ్చలముగా నున్నపుడు కొంతసేపు చూచి వేయవలెను.

కుక్కలకొఱకు స్కాట్లండు నందలి గ్లాస్గో విశ్వవిద్యాలయమువారు మఱియొక కొలతను సిద్ధపఱచిరి. శస్త్రచికిత్స జరిగిన కుక్కలను పరీక్షించుటకు పశువైద్యశాలలు దీనిని వాడుచున్నవి. వైద్యుడు మొదట కుక్కను ముట్టక దూరమునుండి చూచును: అది మూలుగుచున్నదా, గాయమును నాకుచున్నదా? పిమ్మట దానిని నడిపించి నడకను చూచును. ఆపై గాయమునకు కొంచెము దూరముగా మెల్లగా ఒత్తి, అది తిరిగి చూచునో, ఉలికిపడునో, కఱవవచ్చునో గమనించును. చివరకు దాని ధోరణిని, నిలుపును గుఱించి మార్కులు వేయును. మొత్తము 24లో 6 వచ్చినను, నడువలేని కుక్కకు 20లో 5 వచ్చినను నొప్పికి మందు అవసరమని నిర్ణయము. చూచుట ముందు, ముట్టుట పిదప అను ఈ క్రమము ఇంటియందును పాటింపదగినది.

నొప్పి రెండు విధములు. హఠాత్తుగా వచ్చునది ఒకటి; నెలల తరబడి నిలుచునది రెండవది. మొదటిదానిని అందఱును గుర్తింతురు. రెండవది మెల్లమెల్లగా పెరుగుటచే ఇంటివారును దాని కలవాటుపడుదురు. పదేండ్ల కుక్క వాకిలి దాటి రాకున్నను, పండ్రెండేండ్ల పిల్లి దినమంతయు పండుకొన్నను, ముసలితనము వచ్చినదని సరిపెట్టుకొందురు. ముసలితనము రోగము కాదు. ముసలితనమున వచ్చు కీళ్లనొప్పి రోగము, దానికి చికిత్స కలదు. 2002లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, పండ్రెండేండ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రే చిత్రములను చూడగా 90 పిల్లులకు కీళ్లు అరిగిన గుఱుతులు కనబడెను. ఎక్స్‌రేలో కనబడిన ప్రతి అరుగుదలయు నొప్పి కలిగించునని చెప్పరాదు గాని, ముసలిపిల్లి గంతులు మానినపుడు వైద్యునకు చూపించుట యెంత అవసరమో దీనివలన తెలియును. తగిన మందుతోను, బరువు తగ్గించుటతోను, మెత్తని పడకతోను ఇట్టి జీవములు మఱల కొంత చురుకుదనము పొందుచున్నవి.

కొన్నిటిని లెక్కించియు తెలిసికొనవచ్చును. కుక్కగాని పిల్లిగాని నిద్రించుచున్నపుడు దాని ఱొమ్ము లేచి పడుటను ఒక నిమిషము లెక్కింపుడు. సామాన్యముగా అది 30కి మించదు. ప్రతిదినమును మించుచున్నచో వైద్యునకు చెప్పవలెను. కుక్కకును పిల్లికిని సహజమైన దేహోష్ణము సుమారు 100.5 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వఱకు నుండును. అది మన దేహోష్ణముకంటె ఎక్కువ. కావున చేయి పెట్టి చూచి జ్వరమనుట సరికాదు. థర్మామీటరుతో వైద్యుడు నిర్ణయింపవలెను. ఆరోగ్యముగల జంతువుల చిగుళ్లు సాధారణముగా గులాబి వన్నె కలిగియుండును. కొన్నిటికి పుట్టుకతోనే నల్లని మచ్చలుండును. ఆ వన్నె పోయి తెల్లగా పాలిపోయినను, నీలముగా మాఱినను అది గొప్ప ప్రమాద సూచన.

ఇక వైద్యుని కడకు ఎప్పుడు పోవలెను? క్షణమైనను ఆలస్యము చేయరాని సందర్భములు కొన్ని కలవు. బండిక్రింద పడుట, ఎత్తునుండి పడుట, ఆగని నెత్తురు, పాముకాటు, విషము తినుట, మూర్ఛ, ఎండదెబ్బ, ఊపిరి యాడకుండుట, హఠాత్తుగా వెనుకకాళ్లు పడిపోవుట అట్టివి. పిల్లి నోరు తెఱచి వగర్చుటయు అట్టిదే. వీటితోపాటు రెండు విషయములను ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను.

మొదటిది మగపిల్లికి మూత్రము బంధించుట. దాని మూత్రనాళము సన్ననిది. చిన్న రాళ్లుగాని, జిగురు వంటి పదార్థముగాని అడ్డుపడినచో మూత్రము వెలువడదు. పిల్లి ఇసుకలోనికి మాటిమాటికి పోయి ముక్కుచుండును, అఱచుచుండును, మర్మస్థానమును నాకికొనుచుండును. ఇంటివారు మలబద్ధకమని తలచి ఊరకుందురు. లోపల విషపదార్థములు నెత్తుటిలో పెరిగి, గుండె లయ తప్పి, ఒకటి రెండు దినములలోనే ప్రాణము పోవచ్చును. సకాలమున నాళమును తెఱపించినచో పెక్కు పిల్లులు బ్రదుకును. రెండవది పెద్ద కుక్కలకు కడుపుబ్బుట. జర్మన్ షెపర్డు, గ్రేట్ డేన్ వంటి లోతైన ఱొమ్ముగల కుక్కలకు జీర్ణకోశము గాలితో నిండి మెలిపడుట కలదు. అది మాటిమాటికి ఓకరించును గాని ఏమియు బయటకు రాదు, పొట్ట డోలువలె బిగియును, నిలువలేక తిరుగాడును. దీనికి గంటలలోనే శస్త్రచికిత్స జరుగవలెను.

పూర్తిగా ఆహారము మానుట, పదేపదే వాంతి యగుట, కాలు నేల మోపలేకపోవుట, కన్ను తెఱవలేకపోవుట అనునవి కనబడినచో ఆ దినముననే చూపించుట యుక్తము. పిల్లి ఒక దినమంతయు ఏమియు తినకున్నచో ఉపేక్షింపరాదు. ఉపవాసము సాగినచో దాని కాలేయము చెడును. కొంచెము కుంటుట, చెవి గోకికొనుట, నోటి దుర్వాసన, గంతులు తగ్గుట వంటివి నాలుగు దినములలో చూపింపదగినవి. ఏ సందర్భమునందైనను, ఏ గుఱుతు ఎప్పుడు మొదలైనదో, ఆహారము, నీరు, మలమూత్రములు ఎట్లున్నవో ఒక కాగితముపై వ్రాసికొని పోయినచో వైద్యునకు ఎంతయో సహాయమగును.

ఈ సందర్భమున దయయే హానియగు ఒక విధము కలదు. నొప్పితో బాధపడు పిల్లిని చూచి జాలితో ఇంటిలోని నొప్పిమాత్రను పాలలో కలిపి పోయువారు కలరు. మనకు జ్వరము తగ్గించు పారాసిటమాల్ పిల్లికి కాలకూట విషము. ఆ మందును మన కాలేయము విఱిచి బయటకు పంపగలదు. పిల్లి కాలేయమునకు ఆ శక్తి మిక్కిలి కొఱత. అందుచే దాని నెత్తురు ప్రాణవాయువును మోయలేకపోవును. చిగుళ్లు గోధుమవన్నెకు తిరుగును. ముఖమును పాదములును వాచును. ఒక్క మాత్ర చాలు ప్రాణము తీయుటకు. ఐబుప్రొఫెన్ కుక్కలకును పిల్లులకును జీర్ణకోశమున పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెఱచును. కావున మనుష్యుల మందును వైద్యుడు చెప్పక వేయరాదు. ఒక జంతువునకు వ్రాసిన మందును ఇంకొకదానికి వాడుటయు తగదు. చేయదగిన పనులు మఱికొన్ని కలవు: దానిని నిశ్శబ్దమైన చీకటి చోట ఉంచుట, ఎముక విఱిగినదని తోచినపుడు పట్టి లాగక పలకమీదనో బిగువైన దుప్పటిమీదనో పడుకోబెట్టి మోయుట, పిల్లిని గుడ్డలో చుట్టి మూతగల బుట్టలో తీసికొనిపోవుట.

మన రక్షణను కూడ మఱవరాదు. ఎంత మచ్చికైన కుక్కయైనను నొప్పిలో కఱవవచ్చును. వీధికుక్కకు గాయమైనచో పిల్లలు దానిని ముట్టక పెద్దలకు తెలుపవలెను. ఉన్నట్టుండి స్వభావము మాఱి, చొంగ కార్చుచు, నీరు మ్రింగలేక, ఎదురైన దానినెల్ల కఱచు కుక్కకు రేబీసు వ్యాధి యుండవచ్చును; దాని దాపునకు పోరాదు. ఏ కుక్క కఱచినను, పిల్లి గీరినను ఆ గాయమును వెంటనే సబ్బుతోను, ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. పసరు పూయుట, కారము పెట్టుట ప్రాణాపాయము. 1885లో ఫ్రాన్సునందు లూయీ పాశ్చరు ఈ వ్యాధికి టీకాను మొదటిసారి ఒక బాలునకిచ్చి కాపాడెను. వేళకు తీసికొన్న టీకా నేడును ప్రాణరక్షకము. పెంపుడు జంతువులకు ప్రతి సంవత్సరమును వైద్యుని సలహాపై టీకాలు వేయించుట వాటికిని మనకును క్షేమము.

మూగజీవముల బాధను గమనించుట మన దేశమున దయాగుణము మాత్రమే కాదు, చట్టము విధించిన ధర్మము. రాజ్యసభ సభ్యురాలుగా నుండిన నాట్యకళాకోవిదురాలు శ్రీమతి రుక్మిణీదేవి అరుండేల్ ఇందుకొఱకు చట్టసభలో మిక్కిలి పాటుపడిరి. దాని ఫలముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలువడెను. జంతువు నెవరు తమ సంరక్షణలో నుంచుకొందురో వారు దాని క్షేమమునకై తగిన యేర్పాట్లన్నియు చేయవలెననియు, దానికి అనవసరమైన బాధ కలుగకుండ చూడవలెననియు ఆ చట్టము నిర్దేశించుచున్నది. 1962లో జంతుసంక్షేమ మండలి ఏర్పడగా శ్రీమతి రుక్మిణీదేవియే దానికి మొదటి అధ్యక్షురాలైరి. పెద్ద నగరములలో జంతుసంక్షేమ సంఘములును, పట్టణములలోను మండల కేంద్రములలోను ప్రభుత్వ పశువైద్యశాలలును కలవు. మీ ఊరికి చేరువనున్న పశువైద్యశాల ఎచ్చట నున్నదో, ఏ వేళల తెఱచియుండునో అవసరము రాకముందే తెలిసికొని యుంచుకొనుట వివేకము. రాత్రివేళ ఆపద వచ్చినపుడు వెదకుటకు వ్యవధి యుండదు.

ఇంటిలోని పెద్దలకు పనుల తొందర యుండును. కుక్క గిన్నెలో కూడు మిగిలినదని, పిల్లి రెండు దినములుగా అటుక దిగలేదని మొదట చూచునది తఱచుగా పిల్లలే. ఆ చూచిన దానిని చిన్న విషయమని లోలోన నుంచుకొనక పెద్దలకు చెప్పుట మీ పని. వారు వినకున్నచో మఱల చెప్పుడు. మీ యింటి జంతువు దినమునకెంత తినును, ఎచ్చట నిద్రించును, ఎట్లు నడచును అనునవి ఒక చిన్న పుస్తకమున వ్రాసియుంచుడు. మార్పు వచ్చిననాడు ఆ పుస్తకమే దాని నోటిమాట యగును. మూగజీవి తన బాధను మనకు అప్పగించి మనవైపు చూచుచుండును. ఆ చూపునకు బదులిచ్చుట మానవత్వము.

ప్రశ్నలు

1. బాధ కలిగినను జంతువులు అఱవక దాచుకొనుటకు కారణమేమి?
2. పిల్లి ముఖమున గమనింపదగిన అయిదు గుఱుతులను వివరింపుడు.
3. ముసలితనమునకును, ముసలితనమున వచ్చు రోగమునకును గల భేదమును ఈ పాఠము ఎట్లు చూపినది?
4. వెంటనే వైద్యుని కడకు తీసికొనిపోవలసిన సందర్భములను పేర్కొనుడు.
5. “దయయే హానియగు ఒక విధము కలదు” — ఈ వాక్యమును సమర్థింపుడు.